కథలాపూర్ అడవి కాలితే ఆకాశం నుంచి ఏం కనిపిస్తుంది?

కోరుట్ల, కథలాపూర్, సిరిసిల్ల వైపు ఏ ఊరికి వెళ్లినా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ చేటలోకి వచ్చే తునికాకు ఏ అడవిలో కోసిందైనా, చాలాచోట్ల ఆ కోతకు ముందు ఒక నిప్పు ఉంటుంది. నేల మీది పొదలు కాలితే తునికి మొదళ్ల నుంచి లేత ఆకు ఒక్క ఊపున వస్తుందని కోసేవాళ్లకు తెలుసు. ఇప్పపువ్వు ఏరేవాళ్లకు చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలి కాబట్టి ఎండాకు కాలుస్తారు. గొర్రెల కాపరికి లేత గడ్డి కావాలి. దారిన పోయేవాళ్లు ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క సంగతి సరేసరి. పిడుగుపాటుకో, కొమ్మల రాపిడికో మన అడవులు అంటుకుంటాయన్నది పుస్తకాల్లో చదువుకున్న మాట. కథలాపూర్‌కు దక్షిణాన రుద్రంగి, మానాల దాకా పరుచుకున్న గుట్టల మీద ఫిబ్రవరి నుంచి మే వరకు లేచే పొగ దాదాపు అంతా మనిషి చేతి పనే.

ఈ అడవి ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ఛాంపియన్, సేఠ్ 1968లో చేసిన వర్గీకరణలో దీన్ని దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి అంటారు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, మోదుగ ఇక్కడి చెట్లు. సంక్రాంతి దాటాక ఆకు రాలడం మొదలై, మార్చి నాటికి చాలా చెట్లు మోడుగా నిలబడతాయి. కింద మోకాలెత్తు గడ్డి, దాని మీద టేకాకుల పరుపు, అన్నీ ఎండినవే. నిప్పు తగిలితే ఆ పరుపు మీదుగా నేల పాకుతూ పోతుంది. కాలిఫోర్నియాలోలా కొమ్మల చివరలకెక్కి చెట్టు నుంచి చెట్టుకు దూకే మంట ఇక్కడ అరుదు. మంట నడుమెత్తు దాటకుండానే వందల ఎకరాలు నల్లబడతాయి. పెద్ద చెట్లు మాత్రం నిలబడే ఉంటాయి.

ఈ నిప్పుల గురించి ఉపగ్రహాలను మనం అడిగేవి మూడు ప్రశ్నలు. ఇప్పుడు ఎక్కడ మండుతోంది? మొత్తం ఎంత కాలింది? కాలినదాంట్లో పోయిందేమిటి? ఈ రంగం గురించి పత్రికల్లో వచ్చే రాతలు ఈ మూడింటినీ కలిపేసి, ఒకదానికి దొరికిన జవాబును మిగతా రెండింటికీ అంటగడతాయి. మొదటిదానికి మంచి జవాబే ఉంది. రెండోదానికి సగం ఉంది. మూడోదానికి వేరే దేశపు అడవుల కొలబద్ద తెచ్చి మన అడవి మీద పెట్టుకున్నాం.

మొదటి ప్రశ్న వెనక ఉన్న భౌతికశాస్త్రం సులువే. మామూలు నేల తన వేడిని ఎక్కువగా పది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెదజల్లుతుంది. 800, 1000 కెల్విన్ల మంట మూడు నాలుగు మైక్రాన్ల దగ్గరే ఎక్కువ వెలువరిస్తుంది. నాలుగు మైక్రాన్ల కన్ను ఉన్న ఉపగ్రహానికి చుట్టుపక్కల నేల కంటే మంట ఉన్న పిక్సెల్ కొట్టొచ్చినట్టు తేడాగా కనబడుతుంది, ఆ పిక్సెల్‌లో మంట పిసరంతే ఉన్నా సరే. 1999లో వెళ్లిన టెర్రా, 2002లో వెళ్లిన ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం కిలోమీటరు పిక్సెల్‌తో, అంటే వంద హెక్టార్లను ఒక చుక్కగా చూసేది. 2011లో ఎగిరిన సువోమి ఎన్‌పీపీ మీది వైర్స్ పరికరం 375 మీటర్ల పిక్సెల్‌తో దాన్ని 14 హెక్టార్లకు దించింది. రాత్రిపూట, మబ్బు లేనప్పుడు, కొద్ది చదరపు మీటర్ల మంటను కూడా ఇది పట్టగలదు. వేసవిలో మన ఆకాశం నిర్మలంగా ఉండటం ఇక్కడ కలిసొచ్చే విషయం. అమెజాన్ వాళ్లకు మబ్బులతో ఉన్న బాధ మనకు లేదు.

ఈ సమాచారం నడిచే దారి చూస్తే కాస్త నవ్వొస్తుంది. రుద్రంగి గుట్టల మీది మంట సంకేతం జాతీయ దూరసంవేదన కేంద్రం షాద్‌నగర్‌లో నడుపుతున్న భూకేంద్రంలో దిగుతుంది. అక్కడి నుంచి డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థకు వెళ్లి, అటవీ సరిహద్దుల పటంతో సరిచూసుకుని, మళ్లీ తెలంగాణ అటవీ సిబ్బంది సెల్‌ఫోన్‌కు సందేశంగా వస్తుంది. దారి చుట్టుతిరుగుడే అయినా పని జరుగుతోంది. అటవీ సర్వే సంస్థ 2004 నుంచే మోడిస్ చుక్కలు పంపుతోంది, తర్వాత వైర్స్ చుక్కలు చేర్చింది, 2019లో హెచ్చరికల వ్యవస్థను కొత్తగా తీర్చిదిద్దింది.

అయితే సందేశంలోని అక్షాంశ రేఖాంశాలు పిక్సెల్ నడిమధ్యవి. మంట ఆ 14 హెక్టార్లలో ఎక్కడైనా ఉండొచ్చు. చెప్పిన చోటికి వెళ్లిన బీట్ ఆఫీసర్‌కు అక్కడ మంట లేకపోతే అది తప్పుడు హెచ్చరిక అని కాదు, వాగు దాటి చూడాలన్నమాట. సమయం చిక్కు ఇంకా పెద్దది. వైర్స్ మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి అదే వేళకు వెళుతుంది. సాయంత్రం నాలుగింటికి అంటుకుని, గుట్టెక్కి, రాత్రి పదింటికి బండ తగిలి ఆరిపోయిన మంట దాని లెక్కలోకే రాదు. ఇన్‌శాట్ 3డీ వరుస ఉపగ్రహాలు అరగంటకోసారి చూస్తాయి గానీ వాటి వేడి పిక్సెల్ నాలుగు కిలోమీటర్లు, అంటే 1,600 హెక్టార్లు. ఆకు పరుపు మీది మంటకు అంత పెద్ద గడిని వేడెక్కించే సత్తువ ఉండదు.

అందుకే చుక్కల లెక్కను నిప్పుల లెక్కగా చదవకూడదు. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా దేశమంతటా మోడిస్ గుర్తించిన అటవీ అగ్ని చుక్కలు 52,785. అదే దేశంలో, అదే కాలంలో వైర్స్ గుర్తించినవి 3,45,989. అడవి ఒకటే, ఎండాకాలం ఒకటే, లెక్క మాత్రం ఆరున్నర రెట్లు. ఆ ఏడాది తెలంగాణ వాటా వైర్స్ లెక్కలో 18,237. 2023-24 కాలానికి అది 13,479. తగ్గిందని సంబరపడే ముందు ఒకటి చూసుకోవాలి. రెండు కిలోమీటర్ల బారున మూడు రోజులు పాకిన ఒక్క నిప్పు పదుల చుక్కలు పెడుతుంది, రెండు పూటల మధ్య పుట్టి చచ్చిన పది నిప్పులు ఒక్క చుక్కా పెట్టవు. ఏటేటా ఒకే పరికరంతో, ఒకే ప్రాంతంలో పోల్చుకుంటే ఈ సంఖ్యలకు విలువ ఉంది. జిల్లాకు జిల్లా పోటీ పెట్టి చదివితే లేదు.

ఎంత కాలిందన్న రెండో ప్రశ్నకు వేడితో పనిలేదు, మచ్చ కావాలి. పచ్చటి ఆకు సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది, ఆకులో నీరున్నందున హ్రస్వతరంగ పరారుణాన్ని పీల్చుకుంటుంది. కాలిన నేల దీనికి తలకిందులు. మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే కాలుడు సూచిక, ఈ రంగంలోవాళ్లు ఎన్‌బీఆర్ అంటారు. స్పెయిన్ అడవుల మీద లోపెజ్ గార్సియా, కసెలెస్ 1991లో ల్యాండ్‌శాట్ చిత్రాలతో ఈ లెక్క వేసి చూపించారు.

మన దగ్గర ఈ పనికి చాలాకాలం వెన్నెముకగా ఉన్నది రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల మీది అవిఫ్స్ కెమెరా. 56 మీటర్ల పిక్సెల్, 740 కిలోమీటర్ల పట్టీ, అయిదు రోజులకోసారి చూపు. దేశం మొత్తాన్ని అయిదు రోజుల్లో కప్పాలంటే అప్పట్లో ఇంతకంటే వీలైనది లేదు. సి. సుధాకర్ రెడ్డి, ఆయన సహచరులు హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నుంచి దీనితోనే 2014 సంవత్సరానికి దేశంలో కాలిన అడవిని కొలిచారు. తేలింది సుమారు 57 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రం మొత్తం విస్తీర్ణమే 1,12,077 చదరపు కిలోమీటర్లు కాబట్టి, మన రాష్ట్రంలో సగానికి సమానమైన అడవి ఒక్క ఏడాదిలో నల్లబడిందన్నమాట. నా దృష్టిలో ఈ విషయంపై మన దేశంలో వచ్చిన పనుల్లో ఎక్కువ మంది చదవాల్సింది ఇదే. చుక్కలను వదిలి విస్తీర్ణం మాట్లాడినందుకు.

పిక్సెల్ చిన్నదైతే లెక్క ఎంత మారుతుందో ఆఫ్రికా నుంచి ఒక ఉదాహరణ. సహారాకు దక్షిణాన 2016లో కాలిన నేలను సెంటినెల్ 2 ఉపగ్రహపు 20 మీటర్ల చిత్రాలతో రొటేటా బృందం కొలిస్తే 49 లక్షల చదరపు కిలోమీటర్లు వచ్చింది. మోడిస్ 500 మీటర్ల కాలుడు పటం చెప్పినదానికంటే ఇది 80 శాతం ఎక్కువ. తేడాలో ఎక్కువ భాగం చిన్నచిన్న నిప్పులదే. మన గుట్టల నిప్పులూ ఆ కోవకే చెందుతాయి. రుద్రంగి అడవికి మోడిస్ కాలుడు పటం తెచ్చి పెట్టుకుని ఏమీ కాలలేదని చెప్పేవాళ్లుంటే నమ్మకండి.

సెంటినెల్ 2 చిత్రాలు ఇప్పుడు ఉచితం. 2015లో మొదటిది, 2017లో రెండోది వెళ్లాక అయిదు రోజులకోసారి ప్రతి గుట్టా కనబడుతోంది. ఒక పిక్సెల్ 400 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో పదో వంతు. జిల్లా స్థాయి పనికి ఇదే సరైన పనిముట్టు. ఇంకా పదునైన లిస్-4 కెమెరా మనదే ఉంది, 5.8 మీటర్ల పిక్సెల్‌తో. కానీ దానికి హ్రస్వతరంగ కన్ను లేదు. పొగ చాటు లేనప్పుడు మచ్చ అంచు గీసుకోవడానికి పనికొస్తుంది తప్ప కాలుడు సూచిక లెక్కకు పనికిరాదు. అవిఫ్స్, లిస్-3 కెమెరాలకు హ్రస్వతరంగ కన్ను ఉన్నా అది 1.6 మైక్రాన్ల దగ్గరిది. కాలిన నేలను బాగా విడదీసేది 2.2 మైక్రాన్ల పట్టీ, అది సెంటినెల్‌కూ ల్యాండ్‌శాట్‌కూ ఉంది. రెండు రకాల చిత్రాలతో వచ్చిన అంకెలను ఒకే పట్టికలో పెట్టిన నివేదికలు చూస్తుంటాం. అలా పోల్చకూడదు.

ఇక్కడి అసలు అడ్డంకి గడువు. నల్లటి బూడిద గాలికి కొట్టుకుపోవడానికి నెలలు పట్టదు. దానిపైన చెట్ల నుంచి కొత్త ఆకు రాలి నేలను మళ్లీ గోధుమ రంగుకు తెస్తుంది. ఏప్రిల్‌లో తునికి, టేకు మొదళ్లు చిగురిస్తాయి. మృగశిర వానలు పడ్డాయంటే అంతా పచ్చన. సీజను అయ్యాక జూన్‌లో ఒక చిత్రం తీసి మొత్తం లెక్కకడదామంటే మిగిలేది సగం మచ్చలే. మార్చి నుంచి మే దాకా వచ్చే ప్రతి చిత్రాన్నీ చూడాలి.

తప్పుడు మచ్చలూ ఉన్నాయి. యాసంగి వరి కోశాక కథలాపూర్, కోరుట్ల మండలాల్లో కొయ్యకాళ్లు కాలుస్తారు, అవి అడవి అంచుల దాకా ఉంటాయి. నీరు తీసిన చెరువుల అడుగు నల్లమట్టి ఉపగ్రహానికి కాలిన నేలలాగే అనిపిస్తుంది. ఎత్తైన గుట్టల నీడ కూడా అంతే. అటవీ సరిహద్దు పటంతో కత్తిరిస్తే కొంత పోతుంది. కానీ నిప్పు మొదలయ్యేది తరచూ ఆ సరిహద్దు బయటే, పొలం గట్టు మీదే. కత్తిరించిన పటంలో కారణం కూడా కత్తిరించుకుపోతుంది.

ఇక మూడో ప్రశ్న, నష్టం. ఇక్కడ కాసేపు ఆగాలి.

కాలకముందు ఎన్‌బీఆర్ లోంచి కాలాక వచ్చిన ఎన్‌బీఆర్ తీసేస్తే వచ్చే తేడాను తీవ్రతగా చదవడం ఇప్పుడు ప్రపంచమంతటా అలవాటు. 0.1 దాటితే స్వల్పం, 0.27 దాటితే మధ్యస్థం, 0.44 దాటితే ఇంకాస్త, 0.66 దాటితే తీవ్రం అనే గీతలు అమెరికాలో కార్ల్ కీ, నేట్ బెన్సన్ గీసినవి. మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ జాతీయ వనంలాంటి చోట్ల, శంకువృక్షాల అడవుల్లో, నేల మీద ప్లాట్లు వేసి, ప్రతి ప్లాటులో ఆకు, కొమ్మ, నేల ఎంత కాలాయో చూసి ఆ గీతలు కుదిర్చారు. ఆ అడవిలో చెట్టు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. కాలితే ఆకు పోతుంది, చాలాసార్లు చెట్టే చస్తుంది. ఆకు పోవడమే నష్టం కాబట్టి ఆకును కొలిస్తే నష్టాన్ని కొలిచినట్టే.

మన అడవిలో ఆకు నిప్పు రాకముందే రాలిపోయింది. ఒక ఉదాహరణ అనుకుందాం. జనవరి మొదట్లో ఒక టేకు గుట్ట మీద సూచిక 0.45 ఉందనుకోండి. ఏప్రిల్‌కి, నిప్పు తగలకుండానే, మోడైన ఆ గుట్ట మీద 0.10కి వస్తుంది. తేడా 0.35. అమెరికా గీతల ప్రకారం అది మధ్యస్థ తీవ్రత. కాలనే లేదు! ఇప్పుడు తిప్పి చూడండి. మార్చి మొదట్లో మోడుగా ఉన్నప్పటి 0.12 తీసుకుని, కాలిన తర్వాతి మైనస్ 0.05తో పోలిస్తే తేడా 0.17, స్వల్పం. నిజానికి అక్కడ మోకాలెత్తు లోపు మొక్కంతా మాడిపోయి ఉండొచ్చు. ఒకే పద్ధతి చిత్రపు తేదీని బట్టి లేని నష్టాన్ని చూపిస్తుంది, ఉన్న నష్టాన్ని దాస్తుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. కాలని పక్క గుట్టను ఆనవాలుగా పెట్టుకుని అక్కడ సహజంగా వచ్చిన తేడాను తీసేయాలి, ఈ సవరణ కీ, బెన్సన్ కూడా చెప్పిందే. లేదా నిరుడు అదే తేదీ చిత్రంతో పోల్చాలి. కానీ నిరుడు వానలు ఆలస్యమైతే ఆకు రాలిన తేదీ కూడా మారుతుంది, కాబట్టి మొదటి పద్ధతే మేలు. 2007లో మిల్లర్, థోడ్ ప్రతిపాదించిన సాపేక్ష సూచిక పలుచటి చెట్లున్న చోట బాగుంటుందని మన పరిశోధకులు కొందరు ఎత్తుకున్నారు. అందులో కాలకముందు సూచిక వర్గమూలంతో భాగించాలి. మోడు అడవిలో ఆ విలువ సున్నా దగ్గర ఉంటుంది, భాగిస్తే అంకె ఎక్కడికో ఎగిరిపోతుంది. పలుచటి అడవి వేరు, ఆకు రాల్చిన దట్టమైన అడవి వేరు.

ఈ సవరణలన్నీ చేసినా ఒక గోడ తగులుతుంది. నేల నిప్పులో పోయేది పైనుంచి కనిపించే చోట లేదు. రెండేళ్ల టేకు మొక్క పైదంతా కాలుతుంది, వేరు బతుకుతుంది, వానకు మళ్లీ పిలక వేస్తుంది, వచ్చే వేసవికి మళ్లీ కాలుతుంది. ఇలా ఏళ్లకేళ్లు మోకాలు దాటి పెరగని టేకు మొదళ్లు ఏ రేంజిలోనైనా ఉంటాయి, అటవీ సిబ్బందికి ఇది కొత్త సంగతి కాదు. టేకు కాబట్టి అంతైనా బతికింది. ఇప్ప, మొర్రి విత్తనాల నుంచి వచ్చిన మొక్కకు అంత మొండితనం లేదు. పెద్ద చెట్టుకు మొదట్లో గాలి వాలున ఉన్న వైపు బెరడు చిట్లి, కొన్ని నిప్పుల తర్వాత తొర్ర పడుతుంది, ఆ కలపకు ధర పడిపోతుంది. నేల మీది ఆకు పరుపు పోయినచోట తొలకరి చినుకు నేరుగా మట్టికి తగులుతుంది, మట్టి గుట్ట దిగి చెరువు చేరుతుంది. ఇవేవీ జూలై నాటి ఉపగ్రహ చిత్రంలో లేవు. అందులో ఉన్నది పచ్చదనం. అది గడ్డిదో, లాంటానాదో, టేకుదో సూచిక చెప్పదు. అడవి కోలుకుందని రాసేస్తే సరిపోతుంది, రాసేస్తున్నారు కూడా.

అయితే ఉపగ్రహం నష్టాన్ని చెప్పలేదా? చెప్పగలదు, ఒక్క చిత్రంతో కాదు, ఇరవై ఏళ్ల వరుసతో. మన అడవికి ఒక నిప్పు పెద్ద దెబ్బ కాదు. ఏటేటా అదే చోట వచ్చే నిప్పు దెబ్బ. అయిదేళ్లు నిప్పు తగలకపోతే టేకు పిలక మంట ఎత్తు దాటి కొమ్మలేస్తుంది. మూడేళ్లకు రెండుసార్లు కాలే గుట్ట మీద కొత్త తరం చెట్లే ఉండవు, ఉన్న ముసలి చెట్లు పోయాక అది గడ్డి గుట్ట. కాబట్టి ఒక పిక్సెల్ ఎన్ని ఏళ్లలో ఎన్నిసార్లు కాలిందన్నది, ఎంత తీవ్రంగా కాలిందన్న దానికంటే ఇక్కడ మంచి కొలత. తీవ్రత పటాల మీద ఖర్చయ్యే శ్రమలో సగం ఈ పునరావృత్తి పటాల మీద పెడితే బాగుండునని నా అభిప్రాయం. దీనికి సూక్ష్మమైన అంకెలు అక్కర్లేదు, ప్రతి ఏడాదికీ కాలింది, కాలలేదు అనే రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు చెప్పడంలో ఉపగ్రహం దిట్ట.

అటవీ సర్వే సంస్థ ఇలాంటి పని ఒకటి చేసింది. 2004 నుంచి 2017 దాకా వచ్చిన చుక్కలను అయిదు కిలోమీటర్ల గళ్లలో పోసి చూస్తే, దేశంలోని అటవీ విస్తీర్ణంలో 21.40 శాతం ఎక్కువ నుంచి అత్యధిక ప్రమాదం ఉన్న తరగతుల్లోకి వచ్చింది. ఢిల్లీలో నిధులు పంచడానికి అది చాలు. కథలాపూర్‌కు చాలదు. ఒక్కో గడి 2,500 హెక్టార్లు, మన గుట్టల వరుస కొన్ని గళ్లలో అయిపోతుంది, ఏ లోయ ఏటా కాలుతోందో, ఏ లోయ తప్పించుకుంటోందో తెలియదు. 1980ల నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ 30 మీటర్ల చిత్రాలు 2008 నుంచి ఉచితం. పాతవాటిలో ఖాళీలు ఎక్కువ, 16 రోజులకోసారి వచ్చే చూపులో మచ్చలు జారిపోతాయి. కానీ 2013లో ల్యాండ్‌శాట్ 8, తర్వాత రెండు సెంటినెల్ 2 ఉపగ్రహాలు వచ్చిన కాలానికి ఈ అడవి కాలుడు చరిత్రను లోయ లోయగా రాయొచ్చు. దాని మీద తునికాకు యూనిట్ల హద్దులు, ఇప్పచెట్లు ఎక్కువున్న చోట్లు, దారులు, గొర్రెల తోవలు వేస్తే ఏ నిప్పు ఎవరి అవసరంలోంచి పుట్టిందో చాలావరకు బయటపడుతుంది. ఫైర్‌లైన్లు ఎక్కడ గీయాలో, ఏ ఊరి వన సంరక్షణ సమితితో ముందు మాట్లాడాలో అప్పుడు తేల్చవచ్చు. మనుషులను పట్టుకుని కేసులు పెట్టడానికి ఈ పటం వాడతారేమోనన్న భయం ఉంది, ఉండాలి కూడా. 14 హెక్టార్ల చుక్క సాక్ష్యం కాదు.

కొత్త పరికరాలు కొన్ని ఆశలు పెంచుతున్నాయి. 2018 చివర అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన జెడీ లేజరు చెట్ల ఎత్తును నిలువునా కొలుస్తుంది, అయితే చుక్కచుక్కగా తప్ప పటంగా కాదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ రాడారు ఎల్, ఎస్ అనే రెండు పొడవాటి తరంగాలతో ఆకు మీద ఆగిపోకుండా కొమ్మనూ మానునూ తడుముతుంది. మోడు అడవికి అది సరిపోయే చూపు, ఆకు రాలినా మాను ఎక్కడికీ పోదు కదా. కింది తరం చెట్లు ఏళ్లు గడిచే కొద్దీ పలుచబడుతున్నాయా అన్నది రాడారులో కనిపించే అవకాశం ఉంది. మోకాలెత్తు పిలకలు కనిపిస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేరు.

రాడారు అంకె వచ్చినా దాన్ని చెట్ల భాషలోకి మార్చడానికి నేల మీది లెక్క కావాలి. కీ, బెన్సన్ గీతలకు బలం వచ్చింది వాళ్ల ప్లాట్ల నుంచే, ల్యాండ్‌శాట్ నుంచి కాదు. రుద్రంగి, మానాల గుట్టల మీద ఏటా కాలేవి కొన్ని, చాలా ఏళ్లుగా కాలనివి కొన్ని ఎంచి, ఒక్కో చోట నాలుగు మూలలా రాళ్లు పాతి, లోపల పిలకలు ఎన్ని, ఎంతెత్తు, ఏ జాతి, పెద్ద చెట్ల మొదట్లో తొర్ర ఉందా లేదా అని జనవరిలో ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి రాసుకోవాలి. అందుకు బీట్ ఆఫీసరూ, ఆ అడవిలో ఆకు కోసే ఇద్దరు ముగ్గురూ, ఒక టేపూ, ఒక నోటుబుక్కూ చాలు.